ఆరుకూ ఆరుకూ మధ్య ఏరు

2007 మార్చి 14, బుధవారం, ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. ఆ ఉదయం ఎనిమిదింటికి మా కార్యాలయం వరండాలోని థర్మామీటరు ఇరవై తొమ్మిది డిగ్రీలు చూపింది. పదకొండింటికి ఎంత చూపిందో నేను చూడలేదు కనుక రాయను. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు దగ్గరలో ఉన్న ఒక కల్యాణ మండపంలో, పెళ్ళి పీటలు వేసే వేదిక మీద ఐదు కుర్చీలు, వాటి ముందు తెల్లగుడ్డ కప్పిన బల్ల. ఆ కుర్చీల్లో శాసనసభ పంపిన సంఘం సభ్యులు కూర్చున్నారు. నేను కింద రెండో వరుసలో, ఇరవై రెండు సంవత్సరాల నీటిమట్టపు రిజిస్టర్ల సారాంశం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సారాంశం నాలుగు పేజీలు. తయారు చేసినవాణ్ణి నేనే. ఆ నాలుగు పేజీలూ తప్పని నాకు అప్పటికి నాలుగు రోజులుగా తెలుసు.

ఇప్పుడు ఇలాంటి ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు ఉపయోగపడవచ్చునని ఈ సంగతి రాస్తున్నాను. పేర్లు రాయను. మనుషుల పేర్లు మారితే కథ మారదు. అంకె మారితే మారుతుంది.

కొండల్లోంచి దిగే ఒక ఏటి మీద మాకొక ఆనకట్ట, దాని కింద రెండు మిషన్ల చిన్న జల విద్యుత్ కేంద్రం ఉండేవి. సాయంత్రం ఆరున్నరకు మిషన్లు తిప్పి పదిన్నరకు ఆపేవారు. ఇళ్ళలో దీపాలు, పొలాల్లో మోటార్లు, చెరకు గానుగలు అన్నీ ఒక్కసారిగా కరెంటు అడిగే వేళ అది. మిషను తిప్పిన నీరు మళ్ళీ ఏట్లోకే వస్తుంది. కేంద్రానికి ఏడు కిలోమీటర్ల దిగువన ఒక రేవు, రేవు పక్కన పొడవాటి ఇసుక తిన్నె ఉన్నాయి. ఆ తిన్నె మీద మాఘ ఫాల్గుణాల్లో మెత్తని డిప్ప గల ఒక జాతి తాబేళ్ళు గుడ్లు పెడతాయి. ఆ జాతి అంతరించిపోతున్నదని అటవీ శాఖవారి జాబితా చెబుతున్నది.

సంఘం చేతిలో ఉన్న బిల్లు ముసాయిదా మూడు పనులను ఒక్కచోట ముడివేయాలని చూసింది: కరెంటు ఆగకూడదు, అరుదైన జీవాలు చావకూడదు, ఈ రెంటికీ మధ్య వచ్చే నష్టాన్ని భరించడానికి ఒక నిధి ఉండాలి. నిధికి డబ్బు అమ్మిన ప్రతి యూనిట్టు మీదా కొద్దిపాటి భాగం తీసి కూడబెడతారు. వినడానికి ఎవరికీ అభ్యంతరం లేని మాటలు. బరువంతా మూడో నిబంధనలో ఉంది. గుడ్లు పెట్టే కాలంలో దిగువ నీటిమట్టం ఒక రోజులో అర మీటరు మించి పెరిగే చోట్ల మిషన్లకు హద్దు పెట్టాలి, ఆ నష్టాన్ని నిధి పూడ్చాలి. అంతవరకు పెరగని చోట్ల హద్దూ లేదు, నిధీ లేదు. ఆ పెరుగుదలను దేన్నిబట్టి తేల్చాలి? "ప్రభుత్వ రిజిస్టర్లలో నమోదైన మట్టాలనుబట్టి" అని ముసాయిదాలో ఉంది. మా ఏటికి సంబంధించినంతవరకు ప్రభుత్వ రిజిస్టరు అంటే నా రిజిస్టరు.

ఏటి నీటిమట్టాలు కొలిచే గేజి సెక్షను బాధ్యత నాకు 1991లో వచ్చింది. రేవు దగ్గర రాతి దిమ్మెకు బిగించిన గేజి పలకను మా గేజి రీడరు ఉదయం ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి చూసి పుస్తకంలో రాసేవాడు. నెలాఖరున ఆ పుస్తకం నా బల్ల మీదికి వచ్చేది. నేను ప్రతి అంకె కిందా పెన్సిలుతో చుక్క పెట్టి సరిచూసి, సంతకం చేసేవాణ్ణి. ఇరవై రెండు సంవత్సరాల మార్చి నెలల్లో ఒక ఆరుకూ తరువాతి ఆరుకూ మధ్య ఏరు పెరిగిన గరిష్ఠ మట్టం ఆరు సెంటీమీటర్లు. ముసాయిదా అడిగింది యాభై. సారాంశం రాయడానికి నాకు ఒక పూట సరిపోయింది. టైపు చేయించడానికి రెండు పూటలు పట్టింది. రాస్తున్నంతసేపూ నాకు ఏ అనుమానమూ రాలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, రాలేదన్నది నిజం.

అనుమానం మార్చి 9, శుక్రవారం నాడు వచ్చింది. తాబేళ్ళ లెక్క తీయడానికి అటవీ శాఖ నియమించిన ఒక అమ్మాయి మా కార్యాలయానికి ఉత్తరం రాసింది: తిన్నె మీద పదిహేడు గూళ్ళు ఉన్నాయి, ఒక్కొక్కటి నీటికి ఎంత ఎత్తున ఉన్నదో చూడడానికి లెవెల్ పరికరంతో ఒకరిని పంపగలరా అని. ఒకరిని పంపవలసినవాణ్ణి నేనే వెళ్ళాను. ఆ అమ్మాయి గూడు గూడుకూ ఒక వెదురు పుల్ల పాతి, అంకె వేసి ఉంచింది. పదిహేడింటికీ ఎత్తు తీశాము. అన్నిటికన్నా కిందిది గేజి మీద 0.91 మీటర్లతో సమానం, పైది 1.64. ఆ వేళ ఏరు 0.42 దగ్గర ఉంది. పరికరం మడుస్తూ, వీటికి నీటి భయం లేదని ఆ అమ్మాయితో చెప్పాను.

రేవు దాటడానికి వచ్చిన ఒక కొండ ముసలామె పక్కనే నిలబడి ఇదంతా చూస్తున్నది. కొండవాలు చేలల్లో పండిన కందులు, అల్లం మోసుకుని వారానికి రెండుసార్లు ఈ రేవు దాటుతుందట. వయసు అడిగితే "నాకేటి తెలుసు బాబూ" అన్నది. కనుక అదీ రాయను. ఆమె నా మాట విని, నీటి అంచున పాతి ఉన్న ఒక కర్ర దగ్గరికి నన్ను తీసుకుపోయింది. చేవగల కర్ర, చేతి మణికట్టు లావు. దాని మీద కత్తితో కోసిన గాట్లు రెండు, ఒకటి కిందుగా, ఒకటి పైగా.

"ఒక మిషను తిరిగితే నీళ్ళు ఇక్కడికి వత్తాయి," కింది గాటు మీద వేలు పెట్టింది. "రెండూ తిరిగితే ఇక్కడికి. కింది గాటు మునిగితే పిల్లల్ని సంకనెట్టుకుని దాటతాం. పై గాటు మునిగితే ఇవతలే తొంగుంటాం."

మా రిజిస్టరులో అలాంటి పెరుగుదల ఒక్క రోజు కూడా లేదని చెప్పాను.

"మీ పుస్తకం ఎప్పుడు రాత్తారు బాబూ?"

పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఆరింటికి అన్నాను.

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది. "నీళ్ళు దీపాలెట్టేక గదా వత్తాయి. తెల్లారేసరికి ఎల్లిపోతాయి. మీరు సూడనప్పుడొచ్చి సూడనప్పుడెల్లిపోతే, రాలేదని రాసీసేరా?"

నేను మడిచిన పరికరాన్ని మళ్ళీ విప్పి, రెండు గాట్ల ఎత్తూ తీశాను. కింది గాటు 0.80. పై గాటు 1.18. గూళ్ళ పట్టికతో పోల్చి చూశాను. ఒక్క మిషను తిరిగితే పదిహేడు గూళ్ళలో ఒక్కటీ తడవదు. రెండూ తిరిగితే ఆరు గూళ్ళు మునుగుతాయి. జనవరి నుంచి ఒక్క మిషనే తిరుగుతున్నది. వేసవి గిరాకీకి రెండోది ఏటా మార్చి మధ్యలో మొదలుపెడతారు. తాబేళ్ళు ఒక మిషను నీటిని చూసుకుని గుడ్లు పెడుతున్నాయి, మేము రెండో మిషను నీరు వాటి మీదికి వదులుతున్నాము. ఆ సంవత్సరం రెండో మిషను మొదలుపెట్టే తేదీ మార్చి 16 అని కార్యక్రమంలో ఉంది. అంటే ఇంకా ఏడు రోజులు.

తిరుగు ప్రయాణంలో జీపు వెనక సీటులో, కొలతలకు సాయం పట్టిన గేజి రీడరు, ముందు సీటులో నేను. అతడు కె. కోటపాడు వైపు మనిషి, మితంగా మాట్లాడేవాడు. మాడుగుల రోడ్డు ఎక్కాక నేనే అడిగాను, రాత్రిపూట ఏరు పెరుగుతుందని నీకు తెలియదా అని.

"తెలుసు బాబూ."

మరి ఎందుకు రాయలేదన్నాను.

"రాసేను. ఒకపాలి రాసేను. మీరే కొట్టీసేరు."

నాకు గుర్తు లేదన్నాను.

"నాకు గుర్తుంది బాబూ. మీరిచ్చిన మెమో ఇంటికాడ ఉంది. మా ఆవిడ దేవుడి పటం ఎనకాల దాసింది, ఎప్పుడన్నా అడుగుతారేమోనని."

మర్నాడు రెండో శనివారం, సెలవు. కావలి మనిషి చేత రికార్డు గది తాళం తీయించి, పాత రిజిస్టర్లు ఒక్కొక్కటే దింపాను. ఉదయం తొమ్మిదిన్నరకు మొదలుపెడితే, పన్నెండు దాటాక 1996 సంపుటం చేతికి వచ్చింది. మార్చి 22, శుక్రవారం. ఉదయం ఆరు: 0.41. సాయంత్రం ఆరు: 0.43. దాని కింద గళ్ళు లేని చోట, పొడుగు అక్షరాలతో: రాత్రి 8-50, 1.16. ఆ వరుస మీద స్కేలు పెట్టి గీసిన ఎర్ర సిరా గీత ఉంది. పక్కన చక్కని దస్తూరీలో, "వేళ కాని వేళ చూసిన రీడింగు. పరిగణించరాదు. సంజాయిషీ కోరవలెను" అని రాసి ఉంది. కింద పొడి అక్షరాల సంతకం, తేదీ. సంతకం నాదే. అంత తిన్నని గీత ఆ కార్యాలయంలో నేను తప్ప ఇంకెవరూ గీసేవారు కాదు.

ముసలామె గాటు 1.18. కొట్టేసిన రీడింగు 1.16. పదకొండేళ్ళ తేడాతో, ఒకరినొకరు ఎరగని ఇద్దరు, ఒకరు కత్తితో, ఒకరు కలంతో నమోదు చేసిన అంకెలు రెండు సెంటీమీటర్ల తేడాలో కలిశాయి. నా ఇరవై రెండు సంవత్సరాల పట్టిక ఆ రెంటికీ డెబ్బై సెంటీమీటర్ల దూరంలో ఉంది.

పాత ఫైళ్ళు తిరగేస్తే కారణమూ దొరికింది. ఆరూ ఆరూ అన్న వేళలు మిషన్లు లేని కాలంలో పెట్టినవి. అప్పుడు ఆ గేజి ఉన్నది వానాకాలంలో కింది ఊళ్ళకు వరద కబురు పంపడానికి. వరద ఒక్క పూటలో వచ్చి పోదు కనుక రోజుకు రెండు రీడింగులు చాలు. తరువాత మిషన్లు వచ్చాయి. వేళలు మార్చాలని ఎవరికీ తోచలేదు. తోచిన ఒక్కడికీ నేను మెమో ఇచ్చాను.

మంగళవారం, అనగా విచారణకు ముందు రోజు సాయంత్రం, ఈ సంగతంతా ఒక పేజీగా రాసి మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చెడ్డవారు కారు. రెండుసార్లు చదివారు. రేపు వేసవిలో కరెంటు చాలకపోతే జనం తిట్టేది తాబేళ్ళను కాదు, మనల్ని అన్నారు. ఇరవై రెండు సంవత్సరాలు ఏం చూశారని సంఘం అడిగితే జవాబు చెప్పవలసింది ఎవరో ఆలోచించుకోమన్నారు. నాకు పదవీ విరమణకు పద్నాలుగు నెలలు ఉన్న సంగతి కూడా ఆయనకు గుర్తుంది. చివరికి కాగితం నా వైపు జరిపి, మెల్లగా అన్నారు:

"రిజిస్టరులో ఉన్నది చదవండి. అబద్ధం చెప్పమనడం లేదు. కొట్టేసిన వరుస చదవమని మిమ్మల్ని ఎవరూ అడగరు."

అది నిజమే. ఎవరూ అడగరు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి ఏమి తిన్నానో గుర్తు లేదు. మర్నాడు నాలుగు పేజీల సారాంశం, ఒక పేజీ కొత్త కాగితం, 1996 సంపుటం మూడూ సంచిలో పెట్టుకుని బయలుదేరాను. ఏది చదవాలో మండపం మెట్లు ఎక్కేవరకు నిర్ణయించుకోలేదు.

విచారణలో మొదట ఒక బెల్లం వర్తకుడు మాట్లాడాడు. గానుగ ఆడే కాలంలో కరెంటు మీద చెయ్యి వేస్తే నరికిన చెరకు కళ్ళంలో ఎండిపోతుందని, తాబేళ్ళ కోసం ఇంతమంది నోళ్ళు కొట్టవద్దని నెమ్మదిగా, మర్యాదగానే చెప్పాడు. విద్యుత్ కేంద్రం అధికారి తన వంతులో, అసలు మా ఏరు పెరగదని రిజిస్టర్లే చెబుతున్నాయి కనుక ఈ చర్చ అనవసరమన్నాడు. అటవీ శాఖ అమ్మాయి లేచి, అయితే గూళ్ళు ఏటేటా ఖాళీ అవుతున్నది ఎందువల్ల అని అడిగింది. అప్పుడు సంఘం అధ్యక్షుల వారు రిజిస్టర్లు ఎవరు చూస్తారని అడిగారు. నేను లేచాను. పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు.

"రిజిస్టరు ప్రకారం గరిష్ఠ పెరుగుదల ఎంత?"

"ఆరు సెంటీమీటర్లు."

"అంటే మూడో నిబంధన ఈ ఏటికి వర్తించదు."

"రిజిస్టరు సరైనదైతే వర్తించదండి."

నా ముందు వరుసలో మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి మెడ కదలలేదు. నేను సంచిలోంచి 1996 సంపుటం తీసి, వేదిక మెట్లెక్కి, తెల్లగుడ్డ మీద తెరిచి పెట్టాను. ఎర్ర గీత కింద అంకె చదివి వినిపించాను. గాట్ల కర్ర సంగతి చెప్పాను. పదిహేడు గూళ్ళ ఎత్తులు చదివాను. అధ్యక్షుల వారు కళ్ళద్దాలు సవరించుకుని ఆ గీత మీదికి వంగారు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదండి."

హాలులో ఎవరో దగ్గారు. ఆయన తలెత్తకుండానే, ఈ రీడింగు రాసినవాడు ఉన్నాడా అని అడిగారు. గేజి రీడరు వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముందుకు రమ్మంటే వచ్చాడు, చెప్పులు మెట్ల దగ్గర విడిచి.

"ఆ రాత్రి నువ్వు అక్కడ ఎందుకు ఉన్నావు?"

"మా మామ సంత నుంచి రాలేదని సూడ్డానికెల్లేను బాబయ్యా. ఏరు నిండుగుంది. దీపం అట్టుకుని పలక సూసి రాసేను."

"తరవాత మళ్ళీ ఎందుకు రాయలేదు?"

అతడు నా వైపు చూడకుండా చెప్పాడు. "రాయొద్దన్నారు. మానీసేను."

ఆ తరువాత అధ్యక్షుల వారు నన్ను అడిగింది మందలింపు కాదు, పరిష్కారం. రెండు మిషన్లు నాలుగు గంటలు తిప్పే బదులు ఒక్క మిషను ఎనిమిది గంటలు, మధ్యాహ్నం మూడు నుంచి పదకొండు వరకు తిప్పితే, వాడే నీరూ వచ్చే యూనిట్లూ దాదాపు అంతేనని, మట్టం మాత్రం కింది గాటు దాటదని లెక్క చూపాను. విద్యుత్ కేంద్రం అధికారి, సాయంత్రపు గిరాకీకి అది చాలదన్నాడు. ఆ లోటు ఎంతో కొలిచి నిధికి రాయాలి, నిధి అన్నది అందుకే కదా అని అధ్యక్షుల వారు అన్నారు. బెల్లం వర్తకుడు మళ్ళీ చెయ్యెత్తాడు. పొద్దుండగానే మూడు గంటల నుంచి కరెంటు వస్తుందంటే, గానుగలవాళ్ళు తాబేళ్ళకు దండం పెడతారన్నాడు. హాలంతా నవ్వింది. నాకు ఆ రోజు మొదటిసారి ఊపిరి తిన్నగా ఆడింది.

సంఘం ఆ సీజను వరకు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది: గుడ్లలోంచి పిల్లలు వచ్చేవరకు రెండు మిషన్లు కలిపి తిప్పరాదు, ఒక్కదాన్నే మూడు నుంచి పదకొండు వరకు తిప్పాలి. మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు సంతకాలయ్యాయి. విద్యుత్ కేంద్రం అధికారి, నోటిమాటతో మిషన్లు ఆపడం కుదరదని, కాగితం చేరిన క్షణం ఆపుతామని చెప్పాడు. నేను తల ఊపాను. ఆ మాటలో నాకు తప్పేమీ కనబడలేదు.

పిల్లలకు ముఖ్యంగా చెప్పదలచింది ఇక్కడి నుంచి జరిగింది.

ఉత్తర్వు ప్రతులు రెండు మా కార్యాలయానికి సాయంత్రం ఐదుకు వచ్చాయి. ఒకటి మా ఫైలుకు పెట్టుకుని, ఒకటి విద్యుత్ కేంద్రానికి పంపాలి. టపా చూసే హెడ్ క్లర్కు ఉప్మాక మనిషి. నన్ను ముప్పై ఏళ్ళుగా బావా అనేవాడు, చుట్టరికం ఏమీ లేదు. జీపు రేపు పొద్దున్నే ఆనకట్టకు సిమెంటు పట్టుకెళుతున్నదని అతడే గుర్తుచేశాడు.

"డైవరు సేతికిచ్చీ బావా. పదింటికల్లా అక్కడుంటాది."

అలా పంపడం పద్ధతి కాదన్నాను. పై కార్యాలయం ద్వారా, ఇన్‌వర్డు నంబరుతో వెళ్ళిన కాగితానికే విలువ. రేపెవడైనా ఈ ఉత్తర్వు ఎలా వచ్చిందని అడిగితే డ్రైవరు చేతికిచ్చామని చెబుతామా?

"నీ కాగితం దర్జాగా నడుసుకునెల్తాది. నీళ్ళు పరిగెడతాయి బావా, సూసుకో."

నేను కవరు మీద చిరునామా స్కేలు పెట్టినట్టు తిన్నగా రాసి, విశాఖపట్నం పై కార్యాలయం టపాలో వేశాను. అక్కడి నుంచి అది కేంద్రానికి పోవాలి. గురువారం చేరుతుంది, శుక్రవారం ఉదయం కేంద్రానికి అందుతుంది అని లెక్క వేసుకున్నాను. ఎన్ని చేతులు మారాలో, ఆ చేతుల్లో ఎన్ని సెలవు మీద ఉంటాయో ఆ లెక్కలో లేవు. ఎర్ర గీత గీసిన చెయ్యే అది. ఆ గీత చూసిన నాలుగు రోజులకే అదే చెయ్యి మళ్ళీ అదే పని చేస్తున్నదని నాకు తెలియలేదు.

మార్చి 19, సోమవారం, ఉదయం ఎనిమిదీ పదికి గేజి రీడరు మొదటి బస్సులో దిగి, కార్యాలయం ఇంకా ఊడుస్తుండగానే నా బల్ల ముందు నిలబడ్డాడు. చంకలో రిజిస్టరు ఉంది. నెల మధ్యలో రిజిస్టరు రేవు విడిచి రాకూడదు. ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చి ఆగింది.

అతడు పుస్తకం తెరిచాడు. శుక్రవారం, శనివారం, ఆదివారం. మామూలు ఆరూ ఆరూ రీడింగుల కింద, గళ్ళు లేని చోట, మూడు వరుసలు. రాత్రి 8-50, 1.17. రాత్రి 8-50, 1.18. రాత్రి 8-50, 1.18.

"కాగితం రాలేదంట బాబూ. రెండోది తిప్పీసేరు. పిల్లదాయి తిన్నె మీద కూకుని ఏడుత్తంది." అతడు ఆ మూడు వరుసల కిందా నెమ్మదిగా వేలు నడిపాడు, చెరపడానికి కాదు, చూపడానికి. "ఈపాలి కొట్టీయకండి."

మా ఫైలులో ఉన్న ఉత్తర్వు ప్రతిని తీసుకున్నాను. తీసుకున్నట్టు ఎవరి సంతకమూ తీసుకోలేదు, ఎక్కడా నమోదు చేయలేదు. నా ఉద్యోగంలో నమోదు లేకుండా కార్యాలయం దాటిన కాగితం అదొక్కటే. సిమెంటు జీపు లేదు. బస్సు, దాని తరువాత ఒక ఇటుకల ట్రాక్టరు, చివరి మూడు కిలోమీటర్లు నడక. వెనక గేజి రీడరు నడిచాడు. దారిలో మేము మాట్లాడుకున్నది ఒక్కసారే. నీకిచ్చిన మెమో వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి ఇస్తానన్నాను. "ఇంకేటి బాబూ, వచ్చే ఏడు దిగిపోతాను," అన్నాడు. తరువాత ఆగి, "రాయండి. మా ఆవిడకి సూపిత్తాను" అన్నాడు.

మధ్యాహ్నం రెండూ పదికి కేంద్రం చేరాము. షిఫ్టు ఇంజనీరు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రవాడు. కాగితం చదివి, ఇన్‌వర్డు నంబరు లేదే సార్ అన్నాడు. అది నేను ముప్పై ఏళ్ళలో ఎందరితో అన్న మాటో లెక్క లేదు. కాగితం వెనక నా పేరు, హోదా, తేదీ, వేళ రాసి, ఈ కాగితం వల్ల వచ్చే ప్రతి ప్రశ్నకూ జవాబుదారీ నాది అని సంతకం చేశాను. అతడు నన్నూ, నా వెనక దుమ్ముకొట్టుకుపోయిన గేజి రీడరునూ చూసి, మూడు గంటలకు ఒక్క మిషనే తిప్పాడు. ఆ సాయంత్రం ఆరింటికి రేవు దగ్గర గేజి 0.78 చూపింది. మా ఆరు గంటల రీడింగులో ఏరు పెరిగినట్టు కనబడడం అదే మొదటిసారి. నేను టపాలో వేసిన కవరు బుధవారం నాడు, 21వ తేదీన, అన్ని నంబర్లతోనూ కేంద్రానికి చేరింది.

తరువాత నాకు మెమో వచ్చింది. 1996 నాటి రీడింగు కొట్టివేసినందుకు సంజాయిషీ అడిగారు. కొట్టివేసినది నేనే, కారణం నాకు వేళ ముఖ్యమనిపించడం, అని రెండు ముక్కలు రాసి ఇచ్చాను. దాని మీద ఏ చర్యా లేకుండానే నేను రిటైరయ్యాను. గేజి రీడరుకిచ్చిన మెమోను రద్దు చేస్తూ నేను రాసిన కాగితం అంతకు ముందే అతని ఇంటికి చేరింది. అది డ్రైవరు చేతికిచ్చి పంపాను. ఆ బిల్లు నేను ఉద్యోగంలో ఉండగా చట్టం కాలేదు. తరువాత ఏమైందో నాకు సరైన తేదీ తెలియదు. మా ఆనకట్ట నడిపే ఉత్తర్వుల్లోకి మాత్రం ఒక వాక్యం వచ్చింది: మిషన్లు తిరుగుతున్నంతసేపూ గంటగంటకూ గేజి చూడవలెను. ఇరవై నాలుగు గడుల రిజిస్టరు అచ్చయి వచ్చేవరకు పేజీలకు గీతలు నేనే గీసి పంపాను, నల్ల సిరాతో. 1996 నుంచి 2006 వరకు ఆ తిన్నె మీద ఎన్ని గూళ్ళు మునిగాయని అటవీ శాఖవారు ఒక పట్టిక పంపి అడిగారు. ఆ పదకొండు గడులనూ ఖాళీగా వదిలి, పట్టిక అడుగున "చూడలేదు" అని రాసి తిప్పి పంపాను.

మే 6, ఆదివారం, ఉదయం ఐదూ ఇరవై. గాలి లేదు, తూర్పున పల్చని మబ్బు. పిల్లలు బయటికి రావడం పూర్తయిందని అటవీ శాఖ అమ్మాయి గూళ్ళు ఒక్కొక్కటే విప్పింది. గేజి రీడరు గుడ్డు పెంకులు ఎంచి చెప్పాడు, నేను రాశాను. రేవు దాటబోతూ కొండ ముసలామె గంప దించి నిలబడింది. చివరి గూడు అయ్యాక, "ఎన్ని?" అన్నది.

ఆమెకు చదివి వినిపించిందే ఇక్కడ రాస్తున్నాను. గూళ్ళు పదిహేడు, గుడ్లు నూట డెబ్బై తొమ్మిది. నీరు తాకని పదకొండు గూళ్ళలో నూట పద్దెనిమిది గుడ్లు. వాటిలో తమంత తామే చెడిపోయినవి ఇరవై ఒకటి. నా కవరు దారిలో ఉన్న మూడు సాయంత్రాల్లో మునిగిన ఆరు గూళ్ళలో గుడ్లు అరవై ఒకటి. పిల్ల అయినది ఒక్కటీ లేదు. ఏట్లోకి దిగిన పిల్లలు తొంభై ఏడు.